ఫార్మాట్ కొట్టించే ముందు ర్యామ్‌ను పరీక్షించండి

కంప్యూటర్ ఉన్నట్టుండి బ్లూ స్క్రీన్ చూపించి ఆగిపోతుంది. ఒకసారి బ్రౌజర్ తెరిచినప్పుడు, ఇంకోసారి దాన్ని ఎవరూ ముట్టుకోనప్పుడు. షాపుకు తీసుకెళితే తరచుగా వినిపించే మాట ‘ఫార్మాట్ కొడితే సరిపోతుంది’. ఫార్మాట్ కొట్టి విండోస్ మళ్లీ ఎక్కిస్తారు. నాలుగు రోజులు బాగానే ఉంటుంది, ఐదో రోజు మళ్లీ మొదటికే వస్తుంది. కొన్నిసార్లు విండోస్ ఎక్కించడమే సగంలో ఆగిపోతుంది. ఇలా ఒక్కోసారి ఒక్కో చోట, ఒక్కో రకం ఎర్రర్‌తో పడిపోతుంటే ముందుగా అనుమానించాల్సింది నడుస్తున్న ప్రోగ్రాములను, వాటి సమాచారాన్ని పట్టి ఉంచే మెమరీని, అంటే ర్యామ్‌నే. సాఫ్ట్‌వేర్ లోపం సాధారణంగా అదే పని చేసినప్పుడల్లా అదే చోట బయటపడుతుంది. ర్యామ్ లోపానికి ఆ వరస ఉండదు. ర్యామ్‌లోని చిన్న చిన్న గడుల్లో చెడినదానిలోకి ఈసారి ఏ ప్రోగ్రామ్ వచ్చి కూర్చుందో, దెబ్బ దానికే తగులుతుంది.

ఒక బిట్‌కు (అంటే ఒక సున్నా లేదా ఒకటికి) ఒక ట్రాన్సిస్టర్, ఒక కెపాసిటర్: ఆ గడి నిర్మాణం ఇంతే. 1966లో ఐబీఎంలో పనిచేస్తున్న రాబర్ట్ డెనార్డ్‌కు తట్టిన ఈ ఆలోచనే నేటి ర్యామ్‌కూ ఆధారం. కెపాసిటర్‌లో నింపిన విద్యుదావేశం చిల్లికుండలో నీళ్లలా కారిపోతూనే ఉంటుంది. అందుకే డీడీఆర్4 రకం ర్యామ్‌లో ప్రతి గడినీ 64 మిల్లీసెకన్లలోపు ఒకసారి చదివి మళ్లీ నింపుతారు. చిప్ వేడి 85 డిగ్రీల సెల్సియస్ దాటితే ఆవేశం ఇంకా త్వరగా కారిపోతుంది కాబట్టి ఆ గడువు 32 మిల్లీసెకన్లకు తగ్గుతుంది. 8 జీబీ స్టిక్కులో (ర్యామ్ చిప్పులు ఉండే సన్నని పలకలో) ఇలాంటి గడులు దాదాపు 6,872 కోట్లు. వాటిలో ఒక్కటి గడువుకు ముందే ఖాళీ అయినా ఆ బిట్ తప్పుగా చదవబడుతుంది.

కంప్యూటర్ ఆగిపోతే నిజానికి అదృష్టమే, లోపం ఉందని తెలిసింది. తెలియకుండా జరిగే నష్టం వేరే ఉంది. 2003 మేలో బెల్జియంలోని స్కార్‌బేక్‌లో ఎలక్ట్రానిక్ ఓటింగ్ లెక్కింపులో ఒక అభ్యర్థికి సాధ్యం కానన్ని ఓట్లు వచ్చినట్టు కనిపించింది. మళ్లీ లెక్కిస్తే సరిగ్గా 4,096 ఓట్లు ఎక్కువ పడ్డాయని తేలింది. 4,096 అంటే 2ను పన్నెండు సార్లు హెచ్చించిన సంఖ్య, అంటే ఒకే ఒక్క బిట్ తేడా. సాఫ్ట్‌వేర్‌లో తప్పేమీ దొరకలేదు. మెమరీలో ఒక బిట్ దానంతటది తిరగబడిందన్న వివరణే మిగిలింది. అలాంటి తప్పును కనిపెట్టి సరిదిద్దే ఈసీసీ ర్యామ్ సర్వర్లలో ఉంటుంది గానీ ఇంటి కంప్యూటర్లలో సాధారణంగా ఉండదు. డీడీఆర్5 చిప్పులు తమ లోపలి తప్పులను కొంతవరకు దిద్దుకుంటాయి. చిప్పుకూ ప్రాసెసర్‌కూ మధ్య దారిలో జరిగే తప్పుకు ఆ రక్షణ వర్తించదు.

డిస్కులోకి వెళ్లే ప్రతి ఫైలూ ర్యామ్ మీదుగానే వెళ్తుంది. కాబట్టి అనుమానం వచ్చిన క్షణం నుంచి ఆ కంప్యూటర్‌లో ఏదీ రాయవద్దు. పాత బ్యాకప్ మీద కొత్త బ్యాకప్ తీయవద్దు, డిస్క్ రిపేర్ నడపవద్దు, ఫార్మాట్ అసలే వద్దు. అత్యవసరమైన ఫైళ్లు ఉంటే డిస్కును ఊడదీసి వేరే కంప్యూటర్‌కు తగిలించి కాపీ చేసుకోండి.

పరీక్షకు ఉచితంగా దొరికే మెమ్‌టెస్ట్86 ప్లస్‌ను వేరే కంప్యూటర్‌లో పెన్‌డ్రైవ్ మీదకు ఎక్కించి, అనుమానం ఉన్న కంప్యూటర్‌ను విండోస్‌కు బదులు దానితో బూట్ చేయాలి. ఆ పెన్‌డ్రైవ్‌లో ఉన్నదంతా చెరిగిపోతుంది. గుర్తింపు లేని ప్రోగ్రామ్‌తో బూట్ కానివ్వని సెక్యూర్ బూట్ అడ్డుపడి దాన్ని ఆపాల్సి వస్తే, ముందుగా బిట్‌లాకర్ (డిస్కుకు విండోస్ వేసే తాళం) రికవరీ కీ దగ్గర ఉందో లేదో చూసుకోండి. తర్వాత విండోస్ ఆ కీని అడగవచ్చు. విండోస్‌తో వచ్చే మెమరీ డయాగ్నొస్టిక్ కూడా వాడవచ్చు, కానీ అందులో పాసైందని నిశ్చింతగా ఉండలేం. అది పట్టుకోలేని లోపాలు మెమ్‌టెస్ట్‌లో బయటపడుతుంటాయి. మెమ్‌టెస్ట్ అన్నీ సున్నాలు, అన్నీ ఒకట్లు, గడి విడిచి గడి, ఇలా రకరకాల వరసలు రాసి తిరిగి చదువుతుంది. కొన్ని గడులు పక్క గడి మారినప్పుడే తప్పుతాయి గనుక ఇన్ని వరసలు కావాలి. కనీసం నాలుగు పాస్‌లు (ర్యామ్ మొత్తాన్ని ఒకసారి పరీక్షిస్తే ఒక పాస్) నడవనివ్వండి. 16 జీబీకి గంటల తరబడి పడుతుంది, రాత్రి పెట్టి పొద్దున చూడటం మేలు. ఇక్కడ ఒక్క ఎర్రర్ వచ్చినా ఫెయిలైనట్టే. ‘ఒకటే కదా’ అని వదిలేయకూడదు.

ఎర్రర్ వచ్చిందని వెంటనే కొత్తది కొనవద్దు. ముందు బయోస్‌లో (కంప్యూటర్ ఆన్ అవుతుండగా తెరిచే సెట్టింగుల్లో) ర్యామ్‌ను ఎక్కువ వేగంతో నడిపే ఎక్స్‌ఎమ్‌పీ ఆపి మళ్లీ పరీక్షించండి. తప్పులు మాయమైతే స్టిక్కు చెడలేదేమో, దానికి పెట్టిన వేగం ఆ మదర్‌బోర్డుకో ప్రాసెసర్‌కో ఎక్కువై ఉండవచ్చు. అప్పటికీ తప్పులు వస్తే ఊడదీయాలి. స్విచ్ ఆపి, ప్లగ్ పీకి, పవర్ బటన్ పది సెకన్లు నొక్కి పట్టుకుంటే మిగిలిన కరెంటు పోతుంది. క్యాబినెట్ ఇనుప భాగాన్ని తాకి అప్పుడు చెయ్యి పెట్టండి. స్టాటిక్ షాక్ మన వేలికి తెలియాలంటే దాదాపు 3,000 వోల్టులు ఉండాలి, చిప్పు అంతకంటే చాలా తక్కువకే పాడవుతుంది. స్టిక్కును అంచులతో పట్టుకోవాలి.

షాపుల్లో పసుపు రంగు కాంటాక్టులను పెన్సిల్ రబ్బరుతో రుద్దుతారు. పని చేస్తుంది, కానీ ఆ బంగారు పూత మైక్రాన్ మందం కూడా ఉండదు. గట్టి రబ్బరు దాన్ని అరగదీస్తుంది, పొడి స్లాట్‌లో పడుతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన నూలు పోగులు రాలని గుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరనిచ్చి పెట్టడం మంచిది. చాలాసార్లు తీసి పెట్టడంతోనే సమస్య తీరుతుంది.

తీరకపోతే ఒక్కో స్టిక్కునే, ఒకే స్లాట్‌లో పెట్టి పరీక్షించండి. నాలుగు స్లాట్ల బోర్డులో అది సాధారణంగా ప్రాసెసర్ నుంచి రెండోది. ఒక స్టిక్కు ఏ స్లాట్‌లో పెట్టినా తప్పితే దోషం స్టిక్కుది. ఏ స్టిక్కు పెట్టినా ఒకే స్లాట్‌లో తప్పితే దోషం స్లాట్‌ది, లేదా ప్రాసెసర్ సాకెట్‌లో వంగిన పిన్నుది. అన్ని స్టిక్కులూ అన్ని స్లాట్లలోనూ తప్పితే పవర్ సప్లైని, ప్రాసెసర్ లోపలే ఉండే మెమరీ కంట్రోలర్‌ను చూడాలి. ఒకేసారి రెండు మార్పులు చేస్తే ఏది పనిచేసిందో తెలియదు.

కొత్తది కొనేటప్పుడు పాత స్టిక్కు లేబుల్ ఫొటో తీసుకెళ్లండి. పీసీ4 అని ఉంటే డీడీఆర్4, పీసీ5 అంటే డీడీఆర్5. డెస్క్‌టాప్ స్టిక్కుల్లో రెంటికీ 288 పిన్నులే ఉన్నా గాటు ఉన్న చోటు వేరు, వోల్టేజీ వేరు, ఒకదాని చోట ఒకటి పట్టదు. ల్యాప్‌టాప్‌ది పొట్టి స్టిక్కు. దాన్ని ఏటవాలుగా దూర్చి కిందికి నొక్కాలి, అంతకు ముందే బ్యాటరీ కనెక్టర్ తీసేయాలి. జతగా కొన్న వాటిలో ఒకటి చెడితే రెండూ మార్చడమే నయం. వేర్వేరు తయారీల స్టిక్కులు కలిసి పనిచేస్తాయన్న హామీ లేదు. కానీ బిల్లు వెతకండి, ర్యామ్‌కు చాలా కంపెనీలు ఏళ్ల తరబడి వారంటీ ఇస్తాయి.

గాటు సరిచూసి, రెండు చివరలా సమంగా, క్లిప్పు ‘టక్’మనే దాకా నొక్కాలి. మొదటిసారి ఆన్ చేసినప్పుడు తెర నల్లగానే ఉంటే కంగారుపడి ఆపేయవద్దు. బోర్డు కొత్త ర్యామ్‌కు తగ్గట్టు సంకేతాల సమయాలు సరిచేసుకుంటుంది, డీడీఆర్5కు కొన్ని నిమిషాలు పట్టవచ్చు. ఆ తర్వాత కొత్త స్టిక్కుకూ రాత్రంతా పరీక్ష పెట్టండి, ఎక్స్‌ఎమ్‌పీ ఆన్ చేశాక మరోసారి.

ర్యామ్ బోర్డుకే అతికించి ఉండే పల్చని ల్యాప్‌టాప్‌లలో ఈ మార్పిడి కుదరదు. చెడిన చిరునామాలు కొన్నే అయితే లినక్స్‌లో దాన్ని బూట్ చేసే గ్రబ్ ప్రోగ్రామ్‌కు చెప్పి ఆ భాగాన్ని వాడకుండా చేయవచ్చు. లోపం పెరగకుండా ఉన్నన్నాళ్లు ఇది నడుస్తుంది.

పరీక్షలో ఒక్క తప్పూ రాలేదని తేలాకే విండోస్ సిస్టమ్ ఫైళ్ల మరమ్మతు నడపండి, అవసరమైతే అప్పుడు ఫార్మాట్ కొట్టించండి. ర్యామ్ చెడి ఉన్న రోజుల్లో కాపీ చేసిన ఫొటోలను, జిప్ ఫైళ్లను ఒక్కొక్కటిగా తెరిచి చూడండి. ఫొటోలో సగం నుంచి రంగు మారినా, అడ్డంగా గీతలు పడినా, పాత బ్యాకప్‌లో ఉన్న కాపీనే ఉంచుకోండి.