బుడమేరు వరద, వీధికో మనిషి: ఈ తగువు ఎక్కడ మొదలైంది?

విజయవాడలో రెండు రోజులు వాన వదలకుండా పడితే ఇదే వాదన మళ్లీ మొదలవుతుంది. వార్డు వాలంటీర్లు ఉండి ఉంటే 2024 వరదలో జనానికి అంత నరకం ఉండేది కాదని ఒక పక్షం అంటుంది. పింఛన్లు పంచేవాళ్లు వరదలో చేసేదేముందని రెండో పక్షం అడుగుతుంది. జెండాలు పక్కన పెడితే మిగిలే ప్రశ్న ఒకటే: ఆపద వేళ మన వీధిని ఎవరు చూసుకోవాలి, అందుకు వాళ్లను ఎవరు తయారు చేయాలి?

దివిసీమ ఉప్పెన గురించి మళ్లీ చెప్పనక్కర్లేదు. 1977లో పదివేల మందిని పోగొట్టుకున్న మన తీరం మీదికే 1990 మేలో మళ్లీ పెను తుపాను వచ్చింది. ఈసారి మృతులు వెయ్యి లోపే. ఆరు లక్షల మందికి పైగా జనాన్ని ముందే తరలించారు. హెచ్చరిక ముందుగా అందడం, తుపాను షెల్టర్లు ఉండడం ఎంత అవసరమో, ఇల్లు వదిలి రానని భీష్మించుకున్న ముసలాయనకు నచ్చజెప్పి తీసుకెళ్లే ఊరి మనిషి కూడా అంతే అవసరం. తీరప్రాంతానికి ఈ సంగతి తెలుసు. నగరానికి ఆ అలవాటు లేదు.

అది 2024 సెప్టెంబరు 1, ఆదివారం నాడు బయటపడింది. మైలవరం వైపు కొండల నుంచి బుడమేరు వాగులోకి నీరు పోటెత్తింది. వెలగలేరు దగ్గర నుంచి ఆ నీటిని కృష్ణలోకి మళ్లించే కాలువకు గండ్లు పడ్డాయి. కృష్ణ కూడా నిండుగా ఉంది. మర్నాడు ప్రకాశం బ్యారేజీ దగ్గర ప్రవాహం 11.43 లక్షల క్యూసెక్కులు దాటింది. విజయవాడలో సింగ్‌నగర్, రాజరాజేశ్వరిపేట, వాంబే కాలనీ, పాయకాపురం మునిగిపోయాయి.

ఆ తర్వాతి రెండు మూడు రోజులే ఈ వివాదానికి అసలు మూలమని నా నమ్మకం. ఆహారం లేక కాదు, అది లారీల్లో వచ్చింది. కేంద్ర విపత్తు సహాయ దళం ఎన్డీఆర్ఎఫ్ వచ్చింది, హెలికాప్టర్లు, డ్రోన్లు వచ్చాయి. ముఖ్యమంత్రి కలెక్టరేట్‌లోనే మకాం పెట్టారు. కానీ సింగ్‌నగర్ ఫ్లైఓవర్ దగ్గర బయల్దేరిన పడవలో పాల ప్యాకెట్లు, నీళ్ల సీసాలు మొదటి నాలుగు సందుల్లోనే అయిపోయేవి. లోపలి సందుల్లో మేడల మీద నిలబడి చేతులు ఊపేవాళ్లకు మిగిలేది కాదు. మంచం పట్టిన మనిషి ఏ ఇంట్లో ఉన్నారో, పాలు లేక ఏడ్చే పసిపిల్ల ఎక్కడుందో పడవ నడిపేవాళ్లకు ఎలా తెలుస్తుంది? తెలిసింది ఆ వీధి కుర్రాళ్లకే. లారీ ట్యూబులు, థర్మకోల్ షీట్లు పట్టుకుని పీకల్లోతు నీళ్లలో లోపలికి వెళ్లింది వాళ్లే. లైఫ్ జాకెట్ లేదు, తాడు లేదు, ఎటు నుంచి మొదలుపెట్టాలో చెప్పే మనిషి లేడు.

2019 ఆగస్టు 15న మొదలైన వాలంటీర్ల వ్యవస్థను ఈ కోణం నుంచి చూడాలి. పల్లెలో 50 ఇళ్లకు ఒకరు, నెలకు 5,000 రూపాయల గౌరవ వేతనం. పెట్టింది పథకాలు గుమ్మానికి చేర్చడానికి. పడవ, తాడు, ప్రథమ చికిత్స వాళ్ల పనే కాదు. అయినా 2020 మార్చిలో కరోనా వేళ విదేశాల నుంచి వచ్చినవాళ్లను గుర్తించడానికి ఇంటింటికీ తిరిగింది వాళ్లే. ఆ ఇళ్లలో ఎవరెవరున్నారో వాళ్లకు తెలుసు. ఎన్నికల్లో వాళ్లు ఒక పార్టీకి పనిచేస్తారన్న ఆరోపణ బలంగా వచ్చింది, అది తీసిపారేయాల్సిందేమీ కాదు. నగదు పంపిణీకి వాళ్లను దూరం పెట్టాలని 2024 మార్చిలో ఎన్నికల సంఘం ఆదేశించింది. లక్ష మందికి పైగా రాజీనామా చేశారు. 2023 ఆగస్టు తర్వాత వాళ్ల కొనసాగింపుకు ఉత్తర్వులే లేవని కొత్త ప్రభుత్వం శాసనమండలిలో చెప్పింది. ఆ విధంగా వరద వచ్చేనాటికి వీధికో మనిషి అన్న ఏర్పాటే లేకుండా పోయింది.

పింఛన్లు వార్డు సచివాలయ సిబ్బందే పంచుతున్నారు కదా, సాయం కూడా వాళ్లే చేస్తారని ప్రభుత్వ పక్షం వాదన. పింఛను రోజు సంగతి వేరు. వరద రోజున ఆ ఉద్యోగి కాలనీకి బయటి నుంచి రావాలి. కింది అంతస్తు మునిగిన ఇంటికి 25,000, పై అంతస్తులకు 10,000 రూపాయల పరిహారం ప్రకటించాక, జాబితాలో తమ పేరు లేదంటూ జనం కలెక్టరేట్ ముందు బారులు తీరడం చూశాం.

పార్టీతో సంబంధం లేని దారి ముందే ఉంది. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2016లో 'ఆపద మిత్ర' మొదలుపెట్టింది. తర్వాత దాన్ని 350 జిల్లాలకు, లక్ష మంది వాలంటీర్లకు పెంచారు. పన్నెండు రోజుల శిక్షణ, ఒక కిట్, బీమా ఇస్తారు. ఇది మంచి పథకం. కానీ లెక్క జిల్లాకు ఇంతమందని, సందుకు ఇంతమందని కాదు. 2005 విపత్తు నిర్వహణ చట్టం స్థానిక సంస్థల బాధ్యతలు చెప్పేచోట శిక్షణ ఇవ్వమన్నది అధికారులకు, ఉద్యోగులకు. పక్కింటి మనిషి ఊసే లేదు.

2025లో ఆ చట్టాన్ని సవరించారు. రాజధానులకు, నగరపాలక సంస్థలున్న ఊళ్లకు విడిగా పట్టణ విపత్తు నిర్వహణ సంస్థ పెట్టే వీలు వచ్చింది. మున్సిపల్ కమిషనరే దానికి అధ్యక్షుడు. విజయవాడకు అలాంటి ప్రణాళిక రాసేటప్పుడు వాంబే కాలనీలో ప్రతి సందుకూ ఇద్దరి పేర్లు, వాళ్లు నేర్చుకున్న పని, వాళ్ల దగ్గరుండే తాడు, లైఫ్ జాకెట్లు, ఆ సందులో నడవలేనివాళ్ల జాబితా అందులో ఉండాలి. ఆ ఇద్దరినీ ఏ పార్టీ ఆఫీసూ కాదు, ఆ సందువాళ్లే ఎంచుకోవాలి.