గట్టిగా రుద్దితే రంగు దిగదు: మొకుహంగా అపోహలు

మొకుహంగా, అంటే చెక్క దిమ్మ మీద నీటిరంగు పూసి కాగితం మీద వేసే జపాన్ అచ్చు, నేర్చుకుంటున్నవాళ్ళు నాకు పంపే ఫోటోలన్నీ ఒకేలా ఉంటాయి. నువ్వులు చల్లినట్టు చుక్కలు చుక్కలుగా దిగిన రంగు, కింద ఒకటే ప్రశ్న: "ఇంకా బలంగా రుద్దాలా?"

వద్దండీ! ముందు కాగితం తడి చూడండి, తర్వాత రంగుతో కలిపే పిండి జిగురు, చెయ్యి సంగతి చివర్న. వాషిని, అంటే జపాన్ కాగితాన్ని, ముందు రోజు రాత్రే తడి న్యూస్‌పేపర్ల మధ్య పేర్చి, ప్లాస్టిక్ కవర్ చుట్టి, పైన బరువు పెట్టి వదిలెయ్యాలి. తెల్లారేసరికి తడి అంతటా సమంగా పాకుతుంది. ముట్టుకుంటే చల్లగా ఉండాలి, నీళ్ళు మెరవకూడదు. ఆ కాగితం రంగును తనే లాక్కుంటుంది. మా క్లాసుకొచ్చిన ఒకావిడ చుక్కలు పోవట్లేదని ఖరీదైన బరెన్ (కాగితం వెనక రుద్దే గుండ్రటి బిళ్ళ) కొన్నారు, మణికట్టు నొప్పి కూడా తెచ్చుకున్నారు. కాగితం సరిగా నానబెట్టాక పాత బరెన్‌తోనే అచ్చు శుభ్రంగా పడింది. పాపం, ముందే ఎవరైనా చెప్పుంటే ఆ డబ్బు మిగిలేది.

నాదీ అదే కథ. క్వేకర్లనే క్రైస్తవుల మౌన ప్రార్థన మీటింగుకు వెళ్ళిన కొత్తలో గంటసేపు మనసును ఖాళీ చెయ్యాలని దానితో కుస్తీ పట్టేదాన్ని. అక్కడ కూర్చునేది ఊరికే ఎదురుచూడ్డానికని అర్థం కావడానికి ఏడాది పట్టింది. ఇప్పుడు శనివారం రాత్రి కాగితం తడిపి, ఆదివారం మీటింగుకు వెళ్ళొచ్చి అచ్చు వేస్తాను.

ఆ మీటింగులో ఎవరూ నోరు విప్పరన్నది అబద్ధం. లోపల్నుంచి మాట కదిలినవాళ్ళు లేచి చెప్తారు. ఒకసారి నలభై నిమిషాల మౌనం తర్వాత ఒకాయన లేచి చనిపోయిన తన కుక్క గురించి రెండు ముక్కలు చెప్పి కూర్చున్నారు. మౌనంలో బొమ్మ కళ్ళముందు మెరుస్తుందంటారు, నాకైతే ఎప్పుడూ మెరవలేదు. మీటింగు హాలు బెంచీల బొమ్మకి స్కెచ్‌లే మూడు నెలలు వేశాను.

"క్వేకర్ మొకుహంగా" అనే సంప్రదాయమేదీ లేదు. టోక్యోలో క్వేకర్ల బాలికల పాఠశాల 1887లో మొదలైంది, చెక్క అచ్చులు జపాన్‌లో అంతకు శతాబ్దాల ముందు నుంచీ ఉన్నాయి. నేను ఈ రెండూ చేస్తాను, అంతే.

పూర్వం ఒక్కరే అంతా చేసేవారన్నదీ తప్పే. పాతకాలపు జపాన్ చిత్రకారుడు హోకుసాయ్ గీస్తే చెక్కేవాళ్ళు, అచ్చేసేవాళ్ళు వేరు. తనే గీసి, చెక్కి, అచ్చేసే పద్ధతికి నాంది అని చెప్పుకునేది 1904లో యమమోతో కనాయె వేసిన జాలరి బొమ్మ.

పెడన బ్లాకుల్లాగే కదా అంటారు. అక్కడ బ్లాకు గుడ్డ మీదకి దిగుతుంది, ఇక్కడ బ్లాకు మీదకి కాగితం వస్తుంది.

తడి కాగితం రోజుల తరబడి బయట ఉంచకండి, బూజు పడుతుంది. మిగిలింది ఫ్రీజర్‌లో పెట్టుకోండి. కవర్ మీద పేరు రాయండి. మా ఆయన ఒకసారి పరోటాలనుకుని పెనం వేడి చేసేశారు.