మార్కుల కోసం చదివిన రాజ్యాంగం

కిందటేడు తిరుపతిలో ఒక జూనియర్ కాలేజీలో న్యాయ విజ్ఞాన సదస్సు పెట్టారు. ఇంటర్ పిల్లలతో హాలు నిండిపోయింది. ఫ్యాన్లు తిరుగుతున్నా ఒకటే ఉక్కపోత. వచ్చిన అడ్వకేటు మేడం ముందుగా రాజ్యాంగం మీద కొన్ని ప్రశ్నలు అడిగారు. రాజ్యాంగ పరిషత్తు ఎంతకాలం పనిచేసింది? 2 సంవత్సరాల 11 నెలల 18 రోజులు. మొదట ఎన్ని అధికరణలు ఉండేవి? 395. ప్రాథమిక విధులు ఎన్ని? 11. ఒక్కదానికీ తడుముకోలేదు.

అప్పుడు వెనక బెంచీలోంచి ఒక అబ్బాయి లేచాడు. బస్టాండు దగ్గర అతని ఫోన్ కొట్టేశారట. ఇంటికి దగ్గర్లోని స్టేషన్‌కు పోతే 'ఇది మా లిమిట్స్ కాదు' అన్నారు. ఇంకో స్టేషన్‌కు పోతే 'రేపు రా' అన్నారు. "రెండు రోజులు తిరిగి వదిలేసినా మేడం. ఏం రాసియ్యాలో కూడా తెలీదు" అన్నాడు. ఇందాక 395 అని గట్టిగా అరిచిన గొంతుల్లో అతనిదీ ఒకటి.

నేను సివిక్స్ చెప్పే మనిషిని. ఆ మాట నన్ను ఇప్పటికీ వదల్లేదు. ఇన్నేళ్లు బళ్లో కూర్చోబెట్టి ఆ అబ్బాయికి మేం నేర్పిందేమిటని వెనక్కి వెతుక్కుంటూ పోతే, దారి తెల్లదొరల కాలం దాకా పోయింది.

మన బడుల్లోకి సివిక్స్ వచ్చిందే వలస పాలనలో. ప్రభుత్వం మీద జనానికి అసంతృప్తి పెరుగుతున్న రోజుల్లో, పిల్లలకు విధేయత నేర్పడానికి తెచ్చిన సబ్జెక్టు అది. ఈ మాట నేను కల్పించి చెబుతున్నది కాదు, 2005 నాటి జాతీయ పాఠ్యప్రణాళిక చట్రంలోనే ఉంది. మంచి పౌరుడంటే శుభ్రంగా ఉండేవాడు, పన్ను కట్టేవాడు, పెద్దల మాట వినేవాడు. ప్రశ్నించేవాడికి ఆ పుస్తకంలో చోటు లేదు. అప్పట్లో ఓటు కూడా ఆస్తి, పన్ను, చదువు వంటి అర్హతలున్న కొద్దిమందికే ఉండేది.

ఈ లెక్క మార్చిన వాళ్లలో మన ఊరివాడూ ఉన్నారు. మాడభూషి అనంతశయనం అయ్యంగార్ 1891లో తిరుచానూరులో పుట్టారు. కొన్నాళ్లు లెక్కల మాస్టారుగా చేసి, తర్వాత లా చదివి చిత్తూరు కోర్టులో ప్రాక్టీసు పెట్టారు. స్వాతంత్ర్య పోరాటంలో జైలుకు వెళ్లారు. రాజ్యాంగ పరిషత్తులో సభ్యుడిగా కూర్చున్నారు. లోక్‌సభకు తొలి డిప్యూటీ స్పీకర్ ఆయనే. 1956లో స్పీకర్ అయ్యారు. పద్మావతి అమ్మవారి గుడికి రోజూ వేలమంది వెళ్లే ఆ తిరుచానూరు నుంచే రాజ్యాంగం రాసే సభకు ఒక మనిషి వెళ్లాడని మా పిల్లలకు చెబితే, 'నిజమా సార్?' అంటారు. 1946 డిసెంబరులో మొదలైన ఆ సభ 1949 నవంబరు 26న రాజ్యాంగాన్ని ఆమోదించింది. ఆస్తి ఉన్నా లేకున్నా, చదువు వచ్చినా రాకున్నా వయోజనులందరికీ ఓటు వచ్చింది.

పాలితులు పౌరులయ్యారు. బళ్లో పాఠం మాత్రం అంత తొందరగా మారలేదు. లోక్‌సభ, రాజ్యసభ, రాష్ట్రపతి అధికారాలు అని సంస్థల జాబితా వచ్చి చేరింది. పిల్లవాడు వాటిని బయటినుంచి చూసి బట్టీ కొట్టాలి, అంతే.

ఈ కథలో అందరూ ఆగి చూడాల్సిన సంవత్సరం 1976. దేశం ఎమర్జెన్సీలో ఉంది. నిర్బంధంలో ఉన్నవాళ్లు తమను ఎందుకు పట్టుకున్నారని కోర్టులో అడగడానికి వీల్లేదని ఆ ఏడాది ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. జస్టిస్ హెచ్.ఆర్. ఖన్నా ఒక్కరే కాదన్నారు. అదే ఏడాది 42వ సవరణ వచ్చింది. ఆ సవరణ రాజ్యాంగంలో చేర్చిన కొత్త విషయాల్లో రెండు ఇక్కడ ముఖ్యం. ఒకటి 51ఏ అధికరణ, అంటే 10 ప్రాథమిక విధులు (పదకొండోది 2002లో చేరింది). రెండోది 39ఏ అధికరణ. డబ్బు లేదన్న కారణంతో ఎవరికీ న్యాయం అందకుండా పోకూడదు, ప్రభుత్వమే ఉచిత న్యాయ సహాయం ఏర్పాటు చేయాలి అంటుంది అది.

రెండూ ఒకే సవరణలో వచ్చాయి. విధులు నేరుగా క్లాసురూములోకి నడిచి వచ్చాయి. పరీక్షల్లో ప్రశ్న అయ్యాయి, గోడల మీదికెక్కాయి. ఉచిత న్యాయ సహాయం మాత్రం గడప బయటే నిలబడిపోయింది. విధులు నేర్పడం తప్పని నేననను. చెట్లను, చెరువులను కాపాడమని చెప్పే విధి కూడా అందులోనే ఉంది. కానీ పిల్లవాడి చేతికి ఒకటిచ్చి రెండోది దాచిపెట్టినట్టయింది.

1979లో బీహారు జైళ్ల సంగతి సుప్రీంకోర్టుకు వచ్చింది. అదే హుస్సేనారా ఖాతూన్ కేసు. నేరం రుజువైతే పడే శిక్ష కన్నా ఎక్కువ కాలం విచారణ ఖైదీలుగానే మగ్గుతున్నవాళ్ల సంగతి అందులో బయటపడింది. వాళ్లకు లాయరు లేడు, బెయిలు అడగొచ్చని చెప్పినవాళ్లూ లేరు. న్యాయ సహాయం పొందడం హక్కేనని కోర్టు చెప్పింది. 1987లో న్యాయ సేవాధికార సంస్థల చట్టం వచ్చింది. అది అమల్లోకి వచ్చేసరికి 1995 నవంబరు 9. 39ఏ పుట్టి అప్పటికి పంతొమ్మిదేళ్లు.

ఈ చట్టం లాయరును ఇవ్వడంతో ఆగదు. ప్రజలకు చట్టాల మీద అవగాహన కలిగించడం కూడా ఆ సంస్థల బాధ్యతేనని అందులోనే రాశారు. కాలేజీల్లో సదస్సులు, ఊళ్లల్లో శిబిరాలు, పారా లీగల్ వాలంటీర్లు, న్యాయ విద్యార్థులు నడిపే లీగల్ ఎయిడ్ క్లినిక్కులు ఆ దారిన వచ్చినవే. ఇందులో 12వ సెక్షన్ ప్రతి విద్యార్థికీ తెలియాలి. స్త్రీలు, పిల్లలు, ఎస్సీ, ఎస్టీలు, దివ్యాంగులు, పారిశ్రామిక కార్మికులు, కస్టడీలో ఉన్నవాళ్లు వీళ్లందరికీ ఆదాయంతో పనిలేకుండా లాయరును ఉచితంగా ఇవ్వాలి. లెక్క చూస్తే ఆరోజు ఆ హాల్లో ఉన్న అమ్మాయిలందరూ, పద్దెనిమిది నిండని అబ్బాయిలందరూ అర్హులే. ఆ సంగతి తెలిసినవాళ్లు చెయ్యెత్తండి అంటే ఒక్క చెయ్యీ లేవలేదు.

మధ్యలో ఇంకో పెద్ద మార్పు జరిగింది. 61వ సవరణతో 1989లో ఓటు వయసు 21 నుంచి 18కి తగ్గింది. ఇంటర్ ముగించి బయటికొచ్చే పిల్లవాడు ఓటరు అయ్యాడు. మా సిలబస్ అతన్ని ఇంకా పరీక్ష రాసేవాడిగానే చూసింది.

2005 కొంచెం ఆశ పుట్టించిన ఏడాది. జూన్‌లో సమాచార హక్కు చట్టం వచ్చింది, అక్టోబరు 12 నుంచి పూర్తిగా అమలైంది. పాఠ్యప్రణాళిక చట్రం కూడా సివిక్స్ పాత మూస వదలాలని చెప్పిన ఏడాది అదే. మన రాష్ట్రంలో సమాచార హక్కు దరఖాస్తుకు పంచాయతీ స్థాయిలో ఫీజు లేదు, మండలంలో 5 రూపాయలు, ఆ పైన 10. జవాబుకు గడువు 30 రోజులు. నేను రెండేళ్లుగా స్లిప్ టెస్టు ఒకటి మానేసి, దాని బదులు ఒక దరఖాస్తు రాయిస్తున్నాను. చంద్రగిరి వైపు నుంచి బస్సులో వచ్చే ఒక అమ్మాయి, వీధిలైట్ల బల్బులకు ఏడాదిలో ఎంత ఖర్చు పెట్టారని తన పంచాయతీని అడిగింది. గడువు తీరకముందే జవాబొచ్చింది. ముద్ర వేసిన ఆ కాగితాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని క్లాసుకు తెచ్చింది. నలిగిపోతుందేమోనని ఎవరి చేతికీ ఇవ్వలేదు, తనే పట్టుకుని బెంచీ బెంచీకీ తిరిగి చూపించింది.

మా ప్రాంతంలో పిల్లల బతుకులకు అన్నిటికన్నా దగ్గరగా ఉన్న చట్టం బాల్య వివాహాలది. దాని చరిత్ర పొడవైనది. 1929 శారదా చట్టం ఆడపిల్ల పెళ్లికి కనీస వయసు 14 అంది. 1978లో అది 18 అయింది. 2006లో కొత్త చట్టం వచ్చింది. పద్దెనిమిది నిండని అమ్మాయికి పెళ్లి చేస్తే నేరమని చాలామందికి తెలుసు, పిల్లల హెల్ప్‌లైన్ 1098 నంబరూ తెలుసు. కానీ జరిగిపోయిన పెళ్లి సంగతేమిటి? ఆ పెళ్లి వద్దనుకుంటే మేజరయిన రెండేళ్లలోపు, అంటే ఇరవై నిండేలోగా, ఆ అమ్మాయి జిల్లా కోర్టును అడిగి రద్దు చేయించుకోవచ్చు. ఈ మాట నాకు తెలిసి ఏ సదస్సు ఫ్లెక్సీ మీదా ఉండదు. ఉండాలి.

ఇక 2024 జులై 1న తెలుగువాడి నోట్లో తిట్టుగా నానిన 'ఫోర్ ట్వంటీ' కూడా మారిపోయింది. పాత శిక్షాస్మృతిలో మోసానికి 420వ సెక్షన్ ఉండేది, దాని బదులు వచ్చిన భారతీయ న్యాయ సంహితలో మోసం 318వ సెక్షన్. నంబర్లు బట్టీ పట్టినవాళ్లకు మళ్లీ మొదటికొచ్చింది. ఫోన్ పోయిన ఆ అబ్బాయి కష్టానికి జవాబు మాత్రం, పోలీసులు, కోర్టులు కేసు ఎలా నడపాలో చెప్పే, అదే జులై 1న అమల్లోకి వచ్చిన నాగరిక సురక్షా సంహితలోనే ఉంది. నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు ఇవ్వొచ్చు. అదే జీరో ఎఫ్ఐఆర్. నిర్భయ ఘటన తర్వాత 2013లో జస్టిస్ వర్మ కమిటీ గట్టిగా అడిగింది, పదకొండేళ్లకు చట్టంలోకి ఎక్కింది. ఎఫ్ఐఆర్ కాపీ ఫిర్యాదుదారుకు ఉచితంగా ఇవ్వాలి. స్టేషన్‌లో తీసుకోకపోతే ఎస్పీకి పోస్టులో పంపొచ్చు.

ఆ సదస్సులో మేడం అతన్ని ముందుకు పిలిచి, బోర్డు మీద ఫిర్యాదు రాయించారు. తేదీ, టైము, చోటు, ఫోన్ ఐఎంఈఐ నంబరు, కింద సంతకం. చివర్లో న్యాయ సేవల టోల్‌ఫ్రీ నంబరు 15100 రాశారు. పిల్లలు నోటుబుక్కు వెనక పేజీలో ఎక్కించుకున్నారు.

హాలు ఖాళీ అయ్యాక ఒక అమ్మాయి మాత్రం మెట్ల దగ్గర నిలబడి ఉంది. నన్ను చూసి తటపటాయించింది. నేను కొంచెం పక్కకు జరిగాను. అయినా మాటలు వినబడ్డాయి.

"మేడం, మా అక్కకు పదహారేళ్లప్పుడు చేసినారు. ఇప్పుడు పంతొమ్మిది. ఇంకా టైముందా?"

మేడం తన ఫైలు మెట్టు మీద పెట్టి, ఆ పిల్లను పక్కన కూర్చోబెట్టుకున్నారు.

"ఉందమ్మా. మీ అక్క టెన్త్ మెమో ఎవరి దగ్గరుంది?"