నేలపట్టు చెట్ల మీద ఫ్లెమింగోలు వాలవు

పిల్లాపాపలతో పదకొండింటికి తిరుపతి జిల్లా నేలపట్టు పక్షుల కేంద్రంలో దిగి, వాచ్ టవర్ ఎక్కి "గులాబీ పక్షులేవండీ?" అని అడిగేవాళ్లు ప్రతి సీజన్‌లోనూ ఉంటారు. ఫ్లెమింగో ఫెస్టివల్ అనే పక్షుల పండగ అనగానే నేలపట్టు పేరు కూడా వినబడుతుంది, వాళ్ల తప్పేముంది!

నేలపట్టు గూళ్లు కట్టుకునే చోటు. చెరువులోని కడప అనే చెట్ల మీద గూడబాతులు, నత్తగుల్ల కొంగలు, నీటికాకులు పిల్లల్ని పెంచుతాయి. ఫ్లెమింగోకి కావాల్సింది అడుగున బురద ఉన్న ఉప్పునీళ్లు, అదీ మోకాలి లోతు లోపు. కాళ్లతో బురద కెలికి, ముక్కు తలకిందులుగా పెట్టి, నీళ్లు వడగట్టి తింటుంది. అందుకు పులికాట్ ఉప్పునీటి సరస్సుకి వెళ్లాలి. నేలపట్టు నుంచి సుమారు 20 కి.మీ. వచ్చి, సూళ్లూరుపేటలో శ్రీహరికోట రోడ్డు ఎక్కితే రెండు పక్కలా సరస్సే.

ముందు పులికాట్, తర్వాతే నేలపట్టు. తెల్లారేసరికి ఆ రోడ్డు మీద ఉండండి. చలికాలం సూర్యుడు దక్షిణానికి వాలి ఉంటాడు కాబట్టి ఉత్తరం వైపు చూస్తే రంగులు తెలుస్తాయి, దక్షిణం వైపు అన్నీ నల్లటి ఆకారాలే. తొమ్మిదిన్నర, పది దాటిందంటే బురద మీద వేడిగాలి లేచి, దూరపు మంద బైనాక్యులర్‌లో వణుకుతూ కనిపిస్తుంది. ఎంత ఖరీదైన లెన్స్ పెట్టినా అంతే. నేలపట్టులో ఈ బెడద తక్కువ. గూట్లో పిల్లలుంటే తల్లిదండ్రులు మేత తెస్తూనే ఉంటాయి, ఆలస్యమైనా ఫరవాలేదు.

జనవరి అయితే చాలనీ అనుకోకండి. ఈశాన్య రుతుపవనాలకి సరస్సు బాగా నిండితే మంద రోడ్డు పక్కన ఉండదు, లోతు తక్కువున్న అంచులకి పోతుంది. బయల్దేరే ముందు అక్కడివాళ్లకి ఫోన్ చేసి నీళ్లెలా ఉన్నాయో కనుక్కోండి.

ఇక్కడి పక్షులన్నిటినీ "సైబీరియా పక్షులు" అనడం ఇక ఆపాలి. గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు మన దేశపువే. ఉత్తరాన ఉన్న చలి దేశాల నుంచి వచ్చేవి చూడాలంటే సూదితోక బాతుల్ని వెతకండి.

బైనాక్యులర్ 8×42 (8 రెట్లు పెద్దగా చూపేది, ముందు లెన్స్ 42 మి.మీ.) చాలు. 16 రెట్లదైతే చేతి వణుకూ 16 రెట్లు కనిపిస్తుంది.

ఫోటో కోసం చప్పట్లు కొట్టి లేపడం మాత్రం దారుణం. తల్లి లేచిన గూట్లో గుడ్డు కాకి పాలు, పిల్ల ఎండ పాలు.

బర్డ్ ఫ్లూ భయంతో పిల్లల్ని తీసుకురావాలా వద్దా అని తటపటాయించేవాళ్లకి: టవర్ మీంచి చూడటానికి భయం అక్కర్లేదు. చచ్చిన పక్షిని ముట్టుకోకుండా అటవీ సిబ్బందికి చెప్పండి. రెట్ట పడితే సబ్బుతో కడుక్కోండి.