అక్షింతలు, నూకలు, ఇంటిగ్రిటీ

మా మేనకోడలు సివిల్స్‌కి చదువుతోంది. మొన్న మాఘమాసంలో పెళ్లికని ఆమదాలవలస దగ్గర మా ఊరు వచ్చింది. వచ్చీ రాగానే పుస్తకం తెరిచి అడిగింది. "మావయ్యా, ఇంటిగ్రిటీ అంటే తెలుగులో ఏం రాయాలి? నిజాయితీ అని రాసేస్తే ఆనెస్టీకి మళ్లీ ఏం రాయను?"

దాని ప్రశ్నలో న్యాయం ఉంది. సివిల్స్ మెయిన్స్‌లో 2013 నుంచి ఒక పేపరుకి పేరే అది: ఎథిక్స్, ఇంటిగ్రిటీ, ఆప్టిట్యూడ్. పేపరు పేరులో ఉన్న మాటకే అర్థం సరిగ్గా పట్టుబడకపోతే టెన్షన్ రాకుండా ఎలా ఉంటుంది? నాకూ వెంటనే జవాబు తోచలేదు. పక్కనే మా అమ్మ చేటలో బియ్యం పోసుకుని అక్షింతలకి గింజలు ఏరుతోంది. "కబుర్లు తరవాత. ముందు నూకలు ఏరండర్రా, అక్షింతల్లో విరిగిన గింజ ఉండకూడదు" అంది.

జవాబు ఆ చేటలోనే ఉంది. నాకు అర్థం కావడానికి ఒక రాత్రి పట్టింది.

ఇంటిగ్రిటీకి మూలం లాటిన్ మాట 'ఇంటెగర్'. అందులో 'ఇన్' అంటే లేదు, కాదు అని. 'టాంగెరె' అంటే తాకడం. రెండూ కలిస్తే తాకనిది, ఎవరి చెయ్యీ పడనిది, అందువల్ల చెక్కుచెదరనిది. బడిలో మనం పూర్ణసంఖ్యలని చదువుకున్న ఇంటీజర్లు కూడా ఇవే, ముక్కలు కాని సంఖ్యలు. వృత్తాన్ని ఒక్క బిందువు దగ్గర తాకి వెళ్లే టాంజెంట్‌కీ అదే 'తాకడం' మూలం. దాన్ని మన లెక్కల పుస్తకాల్లో స్పర్శరేఖ అన్నవాళ్లకి దండం పెట్టాలి, అంత అచ్చంగా కుదిరింది.

ఇక అక్షింతలు. సంస్కృతంలో క్షతం అంటే దెబ్బ, గాయం. అక్షతం అంటే దెబ్బ తగలనిది. అక్షతలే మన నోట్లో అక్షింతలయ్యాయి. ముందు 'లేదు' అని పెట్టి, తరవాత తాకడమో గాయమో చెప్పి, రెండూ కలిపి 'నిండుగా ఉన్నది' అనే అర్థం తెచ్చుకున్నాయి రెండు భాషలూ. లాటిన్‌లోని ఆ 'ఇన్', సంస్కృతంలోని ఈ 'అ' దూరపు చుట్టాలే. కొత్త దంపతుల నెత్తిన మనం వేసేది, మాట ప్రకారం చూస్తే, ఇంటిగ్రిటీయే.

అయితే బియ్యపు గింజ ఎందుకు విరుగుతుంది? మర ఆడించినప్పుడు నూక ఎక్కువొస్తే మనం మరనే తిడతాం. చిన్నప్పుడు మా నాన్న కూడా అలాగే కోప్పడితే మరాడించే ఆయన ఒక మాటన్నాడు. "నా మర విరగ్గొట్టలేదు బాబూ, మీ కళ్లంలోనే విరిగింది." తప్పించుకోడానికి అన్నాడనుకున్నాం. ఆయన చెప్పిందే నిజమని చాలా ఏళ్ల తరవాత ధాన్యం శాస్త్రం చదివితే తెలిసింది.

కోతకొచ్చిన వడ్ల గింజలో మామూలుగా 20 శాతానికి పైనే తేమ ఉంటుంది. దాన్ని 14 శాతం దాకా ఆరబెడతాం. బాగా ఆరిన గింజ గట్టిగా, పెళుసుగా ఉంటుంది. ఇంత ఆరిన గింజ మీద రాత్రి మంచు పడితే పైపొర నీటిని పీల్చుకుని ఉబ్బుతుంది. లోపలి పిండి పదార్థానికి ఆ తేమ అంత తొందరగా అందదు. పైపొర సాగాలని చూస్తుంది, లోపలిది ఉన్నచోటే ఉంటుంది. ఆ లాగుడుకి గింజ నడుం దగ్గర, పొడవుకి అడ్డంగా, వెంట్రుకంత బీట పడుతుంది. పైన పొట్టు మామూలుగానే ఉంటుంది కాబట్టి కంటికి ఏమీ కనపడదు. పొట్టు తీసి గింజని దీపానికి అడ్డంగా పెడితే మాత్రం సన్నగీత తెలుస్తుంది. పగలు మాడే ఎండలో పల్చగా ఆరబోసి, సాయంత్రం బరకం కప్పడం మరిచిపోతే జరిగేది ఇదే. ఆరిన చేను వడ్లు, పచ్చి చేను వడ్లు ఒకే రాశిలో పోసినా అంతే. పచ్చిగింజ తేమ ఎండుగింజలోకి పోయి దాన్ని చీలుస్తుంది. రాగోలు పరిశోధన స్థానం నుంచి వచ్చిన శ్రీకాకుళం సన్నాల్లాంటి సన్నగింజ రకాలకి ఈ జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి. పొడుగ్గా సన్నగా ఉన్నదేదైనా నడుం దగ్గర తొందరగా విరుగుతుంది కదా.

తరవాత ఎన్నాళ్లకో ఆ వడ్లు మరలోకి వెళతాయి. అక్కడ ఒత్తిడి అన్ని గింజల మీదా ఒక్కలాగే పడుతుంది. బీట లేనిది నిలుస్తుంది, ఉన్నది రెండు ముక్కలవుతుంది. విరగడం మరలో కనిపించింది, కానీ విరిగింది ఎప్పుడో ఒక మంచు రాత్రి.

ఈ భాగం నన్ను ఇప్పటికీ వదలదు. ఉద్యోగంలో పట్టుబడిన మనిషిని చూసి "పదవి వచ్చాక పాడైపోయాడు" అంటాం. పదవి మరలాంటిది అనిపిస్తుంది నాకు. ఎవరూ చూడని రోజుల్లో, చిన్న చిన్న విషయాల్లో పడిన బీటలు ఒత్తిడి వచ్చినప్పుడు బయటపడతాయి.

ఇంకో సంగతి కూడా ఉంది. బీట పడ్డాక గింజ పని అయిపోయినట్టు కాదు. వడ్లని నానబెట్టి, ఆవిరి పట్టి, మళ్లీ ఆరబెట్టే ఉప్పుడు బియ్యంలో లోపలి పిండి పదార్థం వేడికి మెత్తబడి జిగురవుతుంది. ఆ జిగురు పాత బీటల్ని పూడ్చి, చల్లారాక గింజని ఒకే ముద్దగా బిగిస్తుంది. అందుకే ప్రభుత్వ సేకరణలో ఏళ్లపాటు నడిచిన నిబంధన పచ్చి బియ్యంలో 25 శాతం దాకా నూక ఒప్పుకుంటే, ఉప్పుడు బియ్యంలో 16 శాతమే ఒప్పుకునేది. నూక అంటే ఏమిటో కూడా ఆ లెక్కలో ఉంది. గింజ పొడవులో నాలుగింట మూడు వంతులు మిగిలితే దాన్ని విరిగిందనరు.

లోపలి బీటని విరగ్గొట్టకుండా కనిపెట్టాలంటే మన పెద్దలది ఒకటే పద్ధతి, తట్టి చూడడం. కుండ కొనేటప్పుడు వేలితో తట్టని వాళ్లుండరు. సారవకోట మండలం బూడితిలో చేసే కంచు సామాను కూడా తడితే ఖంగుమని మోగి, ఆ మోత కాసేపు నిలుస్తుంది. పాత్ర బీట లేకుండా నిండుగా ఉంటే దెబ్బ తగిలిన శక్తికి దాని ఒళ్లంతా ఒక్కటిగా కంపిస్తుంది. బీట ఉంటే ఆ రెండు అంచులూ ఒకదానికొకటి రాసుకుని శక్తిని వేడిగా తినేస్తాయి. బిగువు తగ్గుతుంది కాబట్టి స్వరం దిగుతుంది, మోత చప్పున చచ్చిపోతుంది. రైల్వేలో ఒకప్పుడు సుత్తితో చక్రాలు తట్టుకుంటూ పోయే ఉద్యోగులుండేవారు. ఇప్పుడు విజయనగరం జంక్షన్ మీదుగా వెళ్లే పట్టాలని చెవికి వినపడని అల్ట్రాసోనిక్ శబ్దంతో పరీక్షిస్తారు. పట్టాలో పగులుంటే శబ్దం అక్కడే తగిలి ముందుగా వెనక్కొస్తుంది. ఇంజనీర్లు స్ట్రక్చరల్ ఇంటిగ్రిటీ అనేది ఈ నిండుదనాన్నే. వంతెన నిజం చెబుతుందా అబద్ధం చెబుతుందా అని ఎవరూ అడగరు. అంతా ఒక్కటిగా ఉందా అనే అడుగుతారు.

కంప్యూటర్ వాళ్ల డేటా ఇంటిగ్రిటీ దగ్గర ఈ తేడా ఇంకా తేటగా తెలుస్తుంది. ఆధార్ నంబరులో 12 అంకెలుంటాయి. చివరి అంకె మొదటి 11 అంకెల నుంచి లెక్క కట్టి తెచ్చినది. ఆ లెక్క పద్ధతిని డచ్ గణితవేత్త వెర్హూఫ్ 1969లో ప్రచురించాడు. మీసేవలో కూర్చున్న కుర్రాడు ఒక అంకె తప్పు కొట్టినా, పక్కపక్క అంకెలు రెండు తారుమారు చేసినా ఆ చివరి అంకె ఇట్టే పట్టేస్తుంది. కానీ కార్డు మీద పేరు తప్పుపడితే దానికి తెలియదు. అంకెలు చెదరలేదని మాత్రమే అది చెప్పగలదు. అంటే అబద్ధం కూడా అక్షరం పోకుండా చేరితే, అక్కడ ఇంటిగ్రిటీ ఉన్నట్టే.

మరి మనుషుల సంగతి? మన రాజ్యాంగ ప్రవేశికలో ఈ మాట 1976లో 42వ సవరణతో చేరింది. హిందీలో అఖండత అన్నారు, తెలుగులో సమగ్రత అంటున్నాం. దేశానికి అది బాగుంది. మనిషికి కుదరదు. "ఆయన చాలా సమగ్రత ఉన్న మనిషి" అని మా ఊళ్లో ఎవరూ అనరు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల వార్షిక పనితీరు నివేదికలో ఇంటిగ్రిటీకి విడిగా ఒక గడి ఉంది. అక్కడ లంచం తీసుకోడనే అర్థమే ఎక్కువగా నడుస్తుంది. అదీ అవసరమే, కానీ అది సగం అర్థం.

మిగతా సగం ఏమిటో మా పక్క ఊరి ధాన్యం వ్యాపారి ఒకాయన వల్ల నాకు తెలిసింది. ఆయన తూకంలో గ్రాము తేడా రాదు. లెక్కలు శుభ్రం, అబద్ధం ఆడడు. కానీ పెద్ద రైతు వడ్లు వస్తే తేమ యంత్రం బయటికే తీయడు. కౌలురైతు వస్తే తీసి, రూలు చూపించి, తరుగు కోస్తాడు. రూలు నిజమే, యంత్రం నిజమే. నిజాయితీ లేదని ఎలా అనగలం? ఒకే మనిషి ఇద్దరి ముందు ఇద్దరుగా ఉన్నాడు, అదీ లోటు. నిజాయితీ మనం చెప్పే మాటకి ఉండే గుణం. ఇంటిగ్రిటీ మన లోపలి భాగాలు ఒకదానితో ఒకటి అతుక్కుని ఉండడం.

దీనికి తెలుగువాళ్ల దగ్గర మాటలు లేకపోలేదు. "లోపలొకటి, బయటొకటి లేని మనిషి" అంటాం. "ఆయనది ఒకటే మాట" అంటాం. గ్రంథ భాషలో త్రికరణశుద్ధి అనే మాట ఉంది. మనసు, మాట, చేత, ఈ మూడూ ఒకటిగా ఉండడం. మూడుంటేనే వాటి మధ్య బీట పడగలదు, అందుకే ఆ మాట నాకు అన్నిటికన్నా దగ్గరగా తోస్తుంది.

పొద్దున్నే మేనకోడలికి ఇదంతా చెప్పాను. అది నోట్సులో 'నిజాయితీ' కింద 'త్రికరణశుద్ధి' అని రాసుకుంది, పైదాన్ని కొట్టేయకుండా. తరవాత వచ్చి అమ్మ పక్కన కూర్చుని గింజలు ఏరసాగింది. ఒక గింజని ఫోను టార్చికి అడ్డంగా పెట్టి చూసింది. "ముక్కు కొంచెమే పోయింది అమ్మమ్మా, నాలుగింట మూడు వంతులుంది. మావయ్య లెక్క ప్రకారం ఇది నూక కాదు" అంది.

అమ్మ ఆ గింజని తీసుకుని చూసింది. "ప్రభుత్వానికైతే ఇవ్వు. ఇది పెళ్లికూతురి నెత్తి మీదికి" అని దాన్ని పక్క గిన్నెలో వేసింది. ఆ గిన్నెలో నూకతో మర్నాడు అందరికీ ఉప్మా చేసింది.