త్యాగం చేయడం, బలి కావడం: కొన్ని అపోహలు, వాస్తవాలు

నేను మత గ్రంథాలు, నీతిశాస్త్రం పాఠం చెబుతాను. ఏటా మొదటి క్లాసులో పిల్లల్ని ఒకటే ప్రశ్న అడుగుతాను. త్యాగం అనగానే మీకు ఎవరు గుర్తొస్తారు? ఎక్కువమంది అమ్మ అంటారు, తర్వాత సైనికుడు. మరి బలి అంటే? మేక, కత్తి, రక్తం. ఈ రెండు జాబితాలూ బోర్డు మీద పక్కపక్కన రాసి, ఇంకో మాట అడుగుతాను. "త్యాగం చేశాడు" అంటాం కదా, "త్యాగం అయ్యాడు" అని ఎందుకు అనం? "బలి అయ్యాడు" అని మాత్రం అంత తేలిగ్గా ఎలా అంటాం?

త్యాగం ఒకరు చేసేది. బలి అన్నది మన వాడుకలో ఎవరికో జరిగేది. ఈ తేడా తెలుగువాళ్ల నాలుక మీద ఎప్పటినుంచో ఉంది. త్యాగం గురించి మాట్లాడేటప్పుడు మాత్రం దాన్ని తరచూ మరిచిపోతాం. నా దగ్గరికి వచ్చే అపోహల్లో చాలావాటికి మూలం ఆ మరుపే.

అపోహ: బలి అంటే చంపడం, యజ్ఞం అంటే తగలబెట్టడం.

వాస్తవం: మాటల పుట్టుక చూస్తే ఆ అర్థం కనబడదు. వేద భాషలో "బలి" అంటే అర్పణ, కానుక, రాజుకు కట్టే కప్పం. గృహస్థు రోజూ చేయాల్సిన ఐదు మహాయజ్ఞాల్లో భూతయజ్ఞం ఒకటి. పక్షులకూ ఇతర జీవులకూ అన్నం పెట్టడమే అందులో బలి. "యజ్" ధాతువుకు పూజించడం, కలవడం, ఇవ్వడం అని మూడు అర్థాలు చెప్పారు. హీబ్రూలో అర్పణను "కోర్బాన్" అంటారు. దగ్గరికి రావడం అనే ధాతువు నుంచి పుట్టిన మాట అది. అరబ్బీ "ఖుర్బాన్"కీ, మనం వినే "ఖుర్బానీ"కీ అదే మూలం. లాటిన్‌లో ఇదే పనిని చెప్పే మాటకు "పవిత్రం చేయడం" అని అర్థం. వీటిలో ఏ మాటా చావును చెప్పడం లేదు.

ప్రాచీన ఆరాధనలో జంతువులను వధించలేదని నేను అనడం లేదు. వధించారు, ఆ సంగతి గ్రంథాలు దాచలేదు. అయితే బైబిల్‌లో లేవీయకాండము రెండో అధ్యాయం మొత్తం పిండి, నూనె, సాంబ్రాణి అర్పణల గురించే. ఐదో అధ్యాయంలో, గొర్రెకో పావురానికో స్తోమత లేనివాడు పాపపరిహారానికి పిండి తెస్తే చాలన్నారు. ఐతరేయ బ్రాహ్మణం అనే వేద గ్రంథంలో ఒక చిత్రమైన కథ ఉంది. యజ్ఞానికి తగిన సారం మనిషిలోంచి గుర్రంలోకి, దాన్నుంచి ఎద్దులోకి, గొర్రెలోకి, మేకలోకి పోయి, చివరికి భూమిలో చేరి ధాన్యమైందట. ప్రాణం స్థానంలో ధాన్యం ఎలా వచ్చిందన్న ఆలోచన అంత పాతది.

మరి అర్పణను అర్పణ చేసేది ఏమిటి? యజ్ఞ విధులు చెప్పే కాత్యాయన శ్రౌతసూత్రం మూడు మాటల్లో తేల్చింది: "ద్రవ్యం దేవతా త్యాగః". ఒక వస్తువు, ఒక దేవత, ఆ వస్తువు మీద హక్కు వదులుకోవడం. హోమంలో ఆహుతి వేసేది ఋత్విక్కే (యాగం జరిపించే పురోహితుడే) అయినా "అగ్నయే ఇదం న మమ" (ఇది అగ్నిది, నాది కాదు) అని చెప్పాల్సింది యజమాని, అంటే యాగం చేయించుకునేవాడు. ఆ మాట ఆయన అంటేనే ఆ ద్రవ్యం ఆయన చేతిలోంచి పోయినట్టు. నిప్పులో నెయ్యి పడటం కంటికి కనబడుతుంది. "న మమ" కనబడదు. అందుకే కనబడేదాన్నే యజ్ఞం అనుకుంటాం.

అపోహ: ఇదంతా దేవుడితో బేరం. నువ్వు ఇస్తే నేనిస్తా.

వాస్తవం: సగం నిజం. వేదంలో భాగమైన తైత్తిరీయ సంహితలోనే "దేహి మే దదామి తే" అని ఉంది. నాకివ్వు, నీకిస్తాను. రోమన్లకూ దాదాపు ఇలాంటి మాటే ఉండేది. దీన్ని చూసి సిగ్గుపడాల్సిన పని లేదు. భయంలో, ఆశలో ఉన్న మనిషి అలాగే మాట్లాడతాడు. కానీ ఆ గ్రంథాలు అక్కడే ఆగిపోలేదు. బైబిల్ యాభయ్యో కీర్తనలో దేవుడు, నాకు ఆకలి వేసినా నీకు చెప్పను, లోకమంతా నాదే కదా అంటాడు. ఖురాన్ 22:37 ఇంకా సూటిగా, వాటి మాంసం గాని రక్తం గాని అల్లాహ్‌ను చేరవు, మీ భయభక్తులే చేరతాయి అంటుంది. గీత మూడో అధ్యాయం బేరాన్ని చక్రంగా మార్చింది. వానలు, పంట, అన్నం, యజ్ఞం ఒకదాన్నొకటి తిప్పుతాయి. ఆ చక్రంలో తన వంతు తిప్పకుండా తన కోసమే వండుకునేవాడు పాపాన్నే తింటాడు. ఇక్కడ ఇవ్వడమంటే ముందే అందుకున్నదానికి బదులివ్వడం.

అపోహ: ఎంత ఎక్కువ ఇస్తే అంత గొప్ప త్యాగం.

వాస్తవం: మహాభారతం అశ్వమేధ పర్వంలో ధర్మరాజు యాగం ముగిశాక ఒక ముంగిస వస్తుంది. దాని ఒళ్లు సగం బంగారం. కురుక్షేత్రంలో గింజలు ఏరుకుని బతికే ఒక బ్రాహ్మణుడు, చాలా రోజుల పస్తుల తర్వాత దొరికిన కొద్దిపాటి పేలపిండిని అతిథికి పెట్టాడనీ, అక్కడ పొర్లితే సగం ఒళ్లు బంగారమైందనీ, ఇంత పెద్ద యాగశాలలో పొర్లినా మిగతా సగం మారలేదనీ అది చెబుతుంది. ఈ కథ అందరికీ తెలుసు. అందులో ఒక చిన్న విషయాన్ని మాత్రం చాలామంది గమనించరు. దాని దగ్గరికి మళ్లీ వస్తాను.

మార్కు సువార్త పన్నెండో అధ్యాయంలో పేద విధవరాలు కానుకపెట్టెలో రెండు చిన్న కాసులు వేస్తుంది. అందరికంటే ఎక్కువ వేసింది ఈమేనని యేసు అంటాడు. లేనివాళ్లు కూడా ఉన్నదంతా తెచ్చి ఇవ్వాలని చెప్పడానికి ఈ కథను వాడుకోవడం నేను చాలాసార్లు విన్నాను. విన్న ప్రతిసారీ బాధేస్తుంది. ఎందుకంటే దీనికి ముందు వాక్యాల్లోనే, విధవరాళ్ల ఇళ్లు దిగమింగి చూపుల కోసం దీర్ఘ ప్రార్థనలు చేసే శాస్త్రులను (యూదు ధర్మశాస్త్ర బోధకులను) యేసు తీవ్రంగా ఖండిస్తాడు. ఆ రెండూ కలిపి చదవండి. ఆమె ఇచ్చింది గొప్పదే. ఆమె దగ్గర ఆ రెండు కాసులే ఎందుకు మిగిలాయన్నది ఆ పక్కనే ఉన్న ప్రశ్న.

చెడిపోయినది ఇవ్వడం దీనికి అవతలి వైపు. దీని గురించి ఎక్కువ చెప్పను. గుడ్డిదాన్ని, కుంటిదాన్ని బలికి తెచ్చేవాళ్లతో బైబిల్‌లోని మలాకీ గ్రంథం ఒక మాట అంటుంది: దాన్నే మీ అధికారికి ఇచ్చి చూడండి, సంతోషిస్తాడా?

అపోహ: నొప్పి ఎంత ఉంటే పుణ్యం అంత.

వాస్తవం: నన్ను ఎక్కువగా కలవరపెట్టే అపోహల్లో ఇదొకటి. ఉపవాసాలతో ఆరోగ్యం పాడుచేసుకున్నవాళ్లను, డాక్టరు వద్దన్నా మొండికేసినవాళ్లను చూశాను. గీత పదిహేడో అధ్యాయం, శాస్త్రం చెప్పని ఘోర తపస్సుతో ఒంట్లోని పంచభూతాలనూ లోపలున్న భగవంతుణ్ణీ పీడించేవాళ్లది ఆసుర నిశ్చయం అంటుంది. తనను హింసించుకుంటూ మొండి పట్టుతో చేసే తపస్సు తామసం. అదే గీత, పద్దెనిమిదో అధ్యాయంలో, ఒంటికి కష్టమని చేయాల్సిన పని మానేస్తే అది రాజస త్యాగం, దానికి త్యాగ ఫలం దక్కదంటుంది. అంటే నొప్పిని వెతుక్కోవడమూ త్యాగం కాదు, నొప్పికి భయపడి తప్పుకోవడమూ త్యాగం కాదు. రాత్రంతా జ్వరం బిడ్డ పక్కన కూర్చున్న తండ్రికి నిద్ర ఉండదు. ఆ నిద్ర లేకపోవడం ఆయన కోరుకున్నది కాదు, బిడ్డ తేరుకోవాలన్నదే ఆయన కోరిక.

అపోహ: త్యాగం గొప్పది కాబట్టి, ఇతరులను త్యాగం చేయమని అడగడంలో తప్పు లేదు.

ఇక్కడ కాస్త ఆగి మాట్లాడాలి. ఈ పోస్టు రాయడానికి కారణమే ఇది.

కొన్నేళ్ల కిందట నా సాయంత్రం క్లాసుకు ఒకావిడ వచ్చేది. పదిహేనేళ్ల విరామం తర్వాత మళ్లీ చదువు మొదలుపెట్టింది. తమ్ముడి ఫీజుల కోసం ఇంట్లో ఆమె చదువు మాన్పించారు. తర్వాత ఇంటికి ఎవరొచ్చినా "మా అమ్మాయి త్యాగమూర్తి" అని చెప్పేవారట. కఠోపనిషత్తు పాఠం అయిన రోజు ఆమె చివరిదాకా కూర్చుండిపోయింది. అందరూ వెళ్లాక ఒక్క మాట అంది. "నన్నెవరూ అడగలేదు మేడమ్. అడిగుంటే సరే అనేదాన్నేమో."

ఆ మాట నేను మరచిపోలేదు. ఆమె త్యాగాన్ని తిరస్కరించడం లేదు. తన చేతులతో ఇచ్చే అవకాశాన్ని తన దగ్గర్నుంచి లాక్కున్నారని చెబుతోంది. "న మమ" అనాల్సింది ఆమె. ఆమె బదులు ఇంకెవరో అనేశారు.

వాస్తవం: గ్రంథాలు ఈ విషయంలో మనం అనుకునేదానికంటే చాలా జాగ్రత్తగా ఉన్నాయి.

ఆ రోజు పాఠంలో ఉన్న కథే చూడండి. వాజశ్రవసుడు తనకున్నదంతా ఇచ్చే యాగం చేస్తూ, నీళ్లు తాగడం, గడ్డి మేయడం, పాలివ్వడం అన్నీ అయిపోయిన ముసలి ఆవులను దానమిస్తాడు. కొడుకు నచికేతుడిలో శ్రద్ధ మేలుకుంటుంది. "నన్ను ఎవరికిస్తావు?" అని మూడుసార్లు అడుగుతాడు. తండ్రి విసుక్కుని "మృత్యువుకిస్తాను" అంటాడు. అక్కరలేని ఆవుల్ని ఇచ్చేటప్పుడు తండ్రికి ఏ కష్టమూ లేదు. కోపంలో కొడుకునూ అంతే తేలిగ్గా ఇచ్చేశాడు. తనకు ఖర్చు కాకుండా ఇవ్వడం, ఇంకొకరి ప్రాణాన్ని ఖర్చుపెట్టి ఇవ్వడం ఒకే మనిషి నుంచి నిమిషాల తేడాలో వచ్చాయి. అందుకే ఈ కథ నాకంత భయం కలిగిస్తుంది.

ఇప్పుడు ముంగిస కథలో ఆ చిన్న విషయం. అతిథి ఆకలి తీరక ఇంకా అడిగినప్పుడు, ఆ ఇంటాయన భార్య వంతు తీసి ఇచ్చేయలేదు. ఆమే "నా భాగం ఇవ్వండి" అంటుంది. చిక్కి శల్యమైన ఆమెను చూసి ఆయన ఒప్పుకోడు. ఆమె నచ్చజెబుతుంది. తర్వాత కొడుకు, ఆ తర్వాత కోడలు. ప్రతిసారీ ఇచ్చేవాళ్లే ముందుకొస్తారు, ఇంటి పెద్ద వెనకాడతాడు. నలుగురూ ఎవరి వంతు వాళ్లే ఇచ్చారు. చాలా ఇళ్లల్లో ఇది తలకిందులుగా జరుగుతుంది.

ఖురాన్‌లో ఇబ్రాహీం (బైబిల్‌లో అబ్రాహాము) కల గురించి చెప్పిన చోట (37:102) కూడా ఇలాంటిదే ఉంది. నిన్ను జిబహ్ చేస్తున్నట్టు (బలిగా కోస్తున్నట్టు) కలగన్నాను, "నీ అభిప్రాయం ఏమిటో చెప్పు" అని ఆయన కొడుకునే అడుగుతాడు. అంత పెద్ద ఆజ్ఞ ముందు కూడా ఆ ప్రశ్న ఉంది. చివరికి ఖురాన్‌లోనూ బైబిల్‌లోనూ కొడుకు ప్రాణం దక్కుతుంది. యూదు సంప్రదాయం ఆ ఘట్టాన్ని "అకెదా" అంటుంది, అంటే బంధించడం. వధించడం అని పేరు పెట్టలేదు.

బౌద్ధుల దీఘనికాయంలో కూటదంత సుత్తం ఉంది. పెద్ద యాగం తలపెట్టిన కూటదంతుడికి బుద్ధుడు ఒక పాత రాజు చేసిన యాగం గురించి చెబుతాడు. అందులో పశువులను చంపలేదు, యూపస్తంభాలకు (బలి పశువును కట్టే కొయ్యలకు) చెట్లు నరకలేదు. ఆ పక్కనే ఇంకో వివరం ఉంది. సేవకులూ పనివాళ్లూ దెబ్బల భయంతో, ఏడుస్తూ పనిచేయలేదు. ఇష్టమైనవాళ్లు చేశారు, ఇష్టం లేనివాళ్లు చేయలేదు. ఆ పాఠం చెప్పినవాళ్లు యాగం దగ్గర పనివాళ్ల కన్నీళ్లను కూడా లెక్కలోకి తీసుకున్నారు.

కుటుంబంలో గాని, ఆఫీసులో గాని, దేశం పేరు మీద గాని ఎవరినైనా త్యాగం చేయమన్నప్పుడు నేను ఒకటి చూస్తాను. ఆ మనిషికి "వద్దు" అనే వీలుందా? వద్దంటే ప్రేమ పోతుందా, ఉద్యోగం పోతుందా, ఇంట్లో చోటు పోతుందా? ఆ వీలు లేనిచోట జరిగేదానికి తెలుగులో మనకు వేరే మాట ఉంది, అది మొదట్లోనే చెప్పాను. అడగడమే తప్పని అనను. కష్టకాలంలో ఒకరినొకరం అడుగుతాం, అడగాలి కూడా. అడిగేవాడు తన వంతు ముందు పెట్టి అడగాలి, కాదన్నా బంధం మిగలాలి.

అపోహ: మంచి పనులు చేస్తే చాలు, పూజలో అర్పణ అక్కర్లేదని ప్రవక్తలే చెప్పారు.

వాస్తవం: బైబిల్‌లోని హోషేయ ప్రవక్త గ్రంథం 6:6లో "నేను బలిని కోరను, కనికరాన్నే కోరుతున్నాను" అని ఉంది. అదే వాక్యం రెండో సగంలో దహనబలుల "కంటే" దేవుణ్ణి ఎరగడమే ఇష్టం అని ఉంది. "కాదు" అన్నది అక్కడ "దానికంటే ఇది ముందు" అనే అర్థంలో వచ్చింది. క్రీ.శ. 70లో యెరూషలేము దేవాలయం కూలిపోయి అర్పణలు ఆగిపోయినప్పుడు, ఇక పాపపరిహారం ఎలాగని దుఃఖించిన శిష్యుడికి రబ్బీ (యూదు మతగురువు) యోహనాన్ బెన్ జక్కాయ్ ఇదే వాక్యం చెప్పి ఓదార్చాడని యూదు సంప్రదాయం చెబుతుంది. దయతో చేసే పనులు ఆ స్థానంలో నిలిచాయి. దాంతోపాటు, అర్పణలు జరిగే వేళలకు సరిపోయేలా ప్రార్థన వేళలూ నిలిచాయి. ఒకటి వచ్చి రెండోదాన్ని తుడిచేయలేదు.

మత్తయి ఐదో అధ్యాయంలో యేసు చెప్పిన క్రమం కూడా గమనించండి. బలిపీఠం దగ్గర కానుక అర్పించబోతుండగా, నీ సోదరుడికి నీ మీద ఏదో బాధ ఉందని గుర్తొస్తే, కానుకను అక్కడే వదిలి వెళ్లు, ముందు అతనితో సమాధానపడు. చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. వాక్యంలో ఇంకో ముక్క మిగిలి ఉంది: తర్వాత వచ్చి నీ కానుక అర్పించు.