ఎదుగుదల ఆలస్యంగా ఉన్న చిన్నపిల్లలతో థీమ్ పార్కుకు: అపోహలు - వాస్తవాలు

నేను ఆక్యుపేషనల్ థెరపిస్టుని, అంటే రోజువారీ పనులు సొంతంగా చేసుకునేలా సాయపడే థెరపిస్టుని. ఎదుగుదల ఆలస్యంగా ఉన్న చిన్నపిల్లలతో పనిచేస్తాను. సెలవులు దగ్గరపడుతున్నాయంటే చాలు, సెషన్ అయిపోయాక చెప్పులేసుకుంటూ అమ్మానాన్నలు అడిగే ప్రశ్న ఒకటుంది. "మేడమ్, వీణ్ని థీమ్ పార్కుకి తీసుకెళ్లొచ్చా?" అడిగేటప్పటికే వాళ్లకి నలుగురూ నాలుగు రకాలుగా చెప్పి ఉంటారు. అలా వాళ్ల చెవిన పడిన మాటల్లో నేను ఎక్కువగా విన్నవి ఇక్కడ రాస్తున్నాను.

ముందే నా మాట చెప్పేస్తాను. తీసుకెళ్లండి. అయితే ఆ రోజు ఎంతసేపు సాగాలో, ఎన్ని రైడ్లు ఎక్కాలో తేల్చాల్సింది మీ పిల్లాడి శరీరం. టికెట్ ధర కాదు, వెంట వచ్చినవాళ్ల ఉత్సాహం కూడా కాదు.

ఇంకొక్క విషయం. డెవలప్‌మెంటల్ డిలే అనే మాట కింద చాలా రకాల పిల్లలుంటారు. నడక, మాట, చెప్పింది అర్థం చేసుకోవడం, నలుగురితో కలవడం, సొంత పనులు చేసుకోవడం, వీటిలో ఏదైనా వయసుకు తగ్గట్టు రాకపోవచ్చు. ఐదేళ్ల లోపు పిల్లల్లో రెండు లేదా అంతకన్నా ఎక్కువ వాటిలో బాగా వెనకబడితే డాక్టర్లు గ్లోబల్ డెవలప్‌మెంటల్ డిలే అని రాస్తారు. రిపోర్టులో అదే మాట ఉన్న ఇద్దరు పిల్లల్లో ఒకరికి నీళ్ల చప్పుడు ప్రాణం, ఇంకొకరికి అదే భయం. కాబట్టి కింద రాసినవన్నీ మీ పిల్లాడికి అన్వయించుకునే చదవండి.

అపోహ: "వాడికేం తెలుస్తుంది? డబ్బు దండగ."

వాస్తవం: సంతోషించడానికి మాటలు రావాల్సిన పనిలేదు. కదలిక, గాలి, నీళ్లు, రంగులు, అమ్మ ఒళ్లో కూర్చుని తిరగడం, ఇవన్నీ మాట రాని పిల్లలకీ అందుతాయి.

పైగా పార్కులో మాటకు ముందు మెట్టు కనిపిస్తుంది. గుర్రాల రంగులరాట్నం ఆగిందనుకోండి. మీరు వెంటనే "ఇంకోసారి ఎక్కుదామా?" అనేయకండి. ఒక ఐదారు సెకన్లు ఊరుకుని చూడండి. పాప మీ మొహం వైపు చూస్తుంది, నడుమును ముందుకి ఊపుతుంది, గుర్రం మీద అరచేత్తో కొడుతుంది. అది అడగడమే. "ఇంకోసారి!" అని అప్పుడు మీరు మాట అందించండి. థెరపీ గదిలో ఆ ఒక్క చూపు కోసం మేమెంత కష్టపడతామో మాకే తెలుసు.

అపోహ: "ఒకసారి ఏడ్చినా సరే ఎక్కించేయండి, భయం అదే పోతుంది."

వాస్తవం: నాకు బాగా బాధ కలిగించే సలహా ఇది. చెప్పేవాళ్లు మంచి మనసుతోనే చెబుతారు. పిల్లాడి శరీరంలో మాత్రం జరిగేది వేరు.

లోపలి చెవిలో మన కదలికనీ, తల వంపునీ పసిగట్టే వ్యవస్థ ఒకటుంది. కొందరు పిల్లల్లో అది అందించే సమాచారాన్ని మెదడు సరిగ్గా సర్దుకోలేదు. పాదాలు నేల నుంచి లేస్తే చాలు, తల కాస్త వెనక్కి వాలితే చాలు, పడిపోతున్నానన్న భయం పుడుతుంది. మనకు చిన్న ఊపు, వాడికి లోయలోకి జారిపోతున్నట్టు. పైగా రైడ్ మధ్యలో దిగిపోదామంటే ఆపరు. కాసేపు అరిచి తర్వాత పిల్లాడు నిశ్శబ్దంగా అయిపోతే "చూశారా, అలవాటైపోయింది" అంటారు. ఆ మొహం దగ్గరగా చూడండి. చూపు ఎక్కడో ఉంటుంది, వేళ్లు బిగుసుకుని ఉంటాయి, పిలిస్తే పలకడు. అలవాటుపడ్డ పిల్లాడు అలా ఉండడు. తట్టుకోలేక లోపలికి ముడుచుకుపోయాడు. ఆ తర్వాత కొన్ని వారాలు ఉయ్యాల దగ్గరికి రాని పిల్లలు, కారు సీట్లో కూర్చోబెట్టినా ఏడ్చే పిల్లలు మా దగ్గరికి వస్తుంటారు.

భయం తగ్గించే దారి లేకపోలేదు, కాకపోతే మెల్లగా సాగుతుంది. వెళ్లడానికి వారం రోజుల ముందే ఆ రైడ్ వీడియో ఇంట్లో చూపించండి, మొదట సౌండ్ లేకుండా. నాలుగైదు ఫొటోలతో "ముందు గేటు, తర్వాత రైలు, తర్వాత ఇంటికి" అని చిన్న కథలా చేసి రోజూ చెప్పండి. అమెరికా టీచర్ క్యారల్ గ్రే 1991లో మొదలుపెట్టిన సోషల్ స్టోరీల పద్ధతి కూడా ఈ కోవలోదే. పార్కుకి వెళ్లాక దూరంగా నిలబడి రెండు రౌండ్లు చూడండి. ఆగి ఉన్న బండిని ముట్టుకోనివ్వండి. రంగులరాట్నంలో పైకీ కిందకీ కదిలే గుర్రం కన్నా కదలకుండా ఉండే బెంచీ సీటుతో మొదలుపెట్టండి. గిరగిరా తిరిగేవాటి కన్నా నెమ్మదిగా ఒకే దిక్కున పోయే బొమ్మ రైలు, పడవ లాంటివి సాధారణంగా తేలిక. ఏ మెట్టు దగ్గర వద్దంటే ఆ మెట్టు దగ్గర ఆగండి. ఆ రోజుకి బండిని ముట్టుకోవడం దాకానే వస్తే, అంతవరకు వచ్చినట్టే.

దీనికి పూర్తి విరుద్ధంగా ఉండే పిల్లలూ ఉన్నారు. ఎంత తిప్పినా తల తిరిగినట్టు కనబడరు, ఇంకా ఇంకా కావాలంటారు. "వీడికి ఏమీ కాదండీ" అని వరసపెట్టి ఎక్కించేస్తారు. ఆ ప్రభావం కాసేపాగి బయటపడొచ్చు. మొహం పాలిపోవడం, చెమట, వాంతి, లేదంటే అదుపులేని పరుగు. రెండు తిరిగే రైడ్ల మధ్య కండరాలకు పని పెట్టండి. స్ట్రోలర్ నెట్టనివ్వండి, చిన్న బ్యాగు మోయనివ్వండి, మెట్లెక్కించండి. ఇలాంటి బరువు పని చాలామంది పిల్లల్ని కుదురుకునేలా చేస్తుంది.

అపోహ: "హైట్ సరిపోయింది కదా, ఎక్కించేయొచ్చు."

వాస్తవం: గేటు దగ్గరి కొలబద్ద చెప్పేది ముఖ్యంగా ఒక్కటే, సీటు బెల్టు, బార్ ఆ ఎత్తు పిల్లలకి సరిగ్గా పడతాయా అని. పిల్లాడు కుదుపులో మెడ నిలబెట్టుకోగలడా, ఆసరా లేకుండా నడుము నిటారుగా ఉంచగలడా, "లేవొద్దు" అంటే ఆగుతాడా అన్నది దానికి తెలియదు. కండరాల పట్టు తక్కువగా ఉన్న పిల్లలు బార్ కిందనుంచి జారిపోయే ప్రమాదం ఉంది.

డౌన్ సిండ్రోమ్ ఉన్న కొందరు పిల్లల్లో మెడలోని మొదటి రెండు ఎముకల మధ్య పట్టు వదులుగా ఉంటుంది. గట్టిగా కుదిపే రైడ్లు ఎక్కించే ముందు డాక్టర్ని తప్పక అడగండి. మెడనొప్పి, నడకలో కొత్తగా మార్పు, బాత్రూమ్ అలవాటైన పిల్లలు మళ్లీ బట్టల్లోనే పోసుకోవడం లాంటివి కనిపిస్తే పార్కు సంగతి పక్కనపెట్టి ముందు ఆసుపత్రికి వెళ్లండి.

ఫిట్స్ ఉన్న పిల్లల తల్లిదండ్రులు మెరిసే లైట్ల గురించి చాలా టెన్షన్ పడతారు. ఫిట్స్ ఉన్నవాళ్లలో లైట్ల వల్ల వచ్చేది దాదాపు 3 శాతం మందికే, అయితే పిల్లల్లో కాస్త ఎక్కువ. నిద్ర చాలకపోవడం, మందు డోసు తప్పిపోవడం అంతకన్నా మామూలుగా ఎదురయ్యే కారణాలు. తెల్లవారుజామునే లేపి ప్రయాణం చేయించిన రోజున ఈ రెండూ కలిసి వస్తాయి. మందు అలారం పెట్టుకోండి. అనుకోకుండా స్ట్రోబ్ లైట్లు (గబగబా వెలిగి ఆరేవి) ఎదురైతే పిల్లాడి ఒక కన్నును అరచేత్తో పూర్తిగా మూసి, తలను పక్కకి తిప్పండి. కళ్లు మూసుకుంటే చాలదు, రెప్పల్లోంచి కూడా ఆ మెరుపు తెలుస్తుంది.

కాక్లియర్ ఇంప్లాంట్ (వినికిడి కోసం ఆపరేషన్ చేసి చెవిలో అమర్చే పరికరం) ఉన్న పిల్లలకు ఇంకో జాగ్రత్త. ప్లాస్టిక్ జారుడుబల్ల మీద పుట్టే స్టాటిక్ కరెంటు, దాని బయటి భాగమైన ప్రాసెసర్ ప్రోగ్రామింగ్‌ను దెబ్బతీయొచ్చు. జారే ముందు బయటి భాగం తీసి మీ దగ్గర పెట్టుకోండి. తీస్తే పిల్లాడికి వినబడదు కాబట్టి కింద ఒక పెద్దవాళ్లు ఎదురుగా నిలబడాలి.

అపోహ: "స్పెషల్ పాస్ అడిగితే పిల్లాడికి మనమే ముద్ర వేసినట్టు." దీని పక్కనే ఇంకొకటి: "పాస్ ఉంటే క్యూ అనేదే ఉండదు."

వాస్తవం: మొదటిది మీ మనసుని మీరే నొప్పించుకోవడం. నడవలేనివాళ్లకి ర్యాంప్ ఎలాగో, క్యూలో నిలబడలేని పిల్లాడికి పాస్ అలాగ. సిగ్గుపడాల్సిందేమీ లేదు.

రెండోది అనవసరమైన ఆశ. చాలా పెద్ద పార్కుల్లో ఈ పాస్ ఒక టైమ్ ఇస్తుంది, అప్పటిదాకా క్యూ బయట ఎక్కడైనా ఆడుకుని రావచ్చు. డిస్నీ 2013లో అమెరికాలోని తన పార్కుల్లో డిజెబిలిటీ యాక్సెస్ సర్వీస్ అనే ఇలాంటి ఏర్పాటు తెచ్చింది. 2024లో నిబంధనలు మార్చి, ఆటిజం లాంటి ఎదుగుదల సమస్యల వల్ల మామూలు క్యూలో చాలాసేపు నిలబడలేనివాళ్ల కోసమని దాన్ని కుదించింది. నియమాలు ఇలా మారిపోతుంటాయి. ఎప్పుడో వెళ్లొచ్చినవాళ్ల మాట మీద ఆధారపడకుండా వెళ్లబోయే ముందు పార్కు అధికారిక వెబ్‌సైట్ చూసుకోండి.

కౌంటర్ దగ్గర జబ్బు పేరు ఒక్కటే చెబితే ఎదుటివాళ్లకి ఏమీ అర్థం కాదు. ఏం జరుగుతుందో చెప్పండి. "రెండువైపులా కడ్డీలున్న లైన్లో ఐదు నిమిషాలు దాటితే తల గోడకేసి కొట్టుకుంటాడు, చెయ్యి విడిపించుకుని పరుగెడతాడు." ఇలా రెండు వాక్యాలు ఇంట్లోనే సిద్ధం చేసుకుంటే అక్కడ గొంతు వణకదు.

కొన్ని పార్కులు ఈ దిశగా బాగానే ముందుకొచ్చాయి. టెక్సస్‌లోని శాన్ ఆంటోనియోలో 2010లో తెరిచిన మోర్గాన్స్ వండర్‌ల్యాండ్‌ను వైకల్యం ఉన్నవాళ్లని దృష్టిలో పెట్టుకునే కట్టారు, వాళ్లకి ప్రవేశం ఉచితం. పెన్సిల్వేనియాలోని సెసమీ ప్లేస్ 2018లో 'ఆటిజం సెంటర్'గా, అంటే ఆటిజం ఉన్నవాళ్లతో ఎలా మెలగాలో సిబ్బందికి శిక్షణ ఇచ్చిన చోటుగా, సర్టిఫికెట్ పొందిన మొదటి థీమ్ పార్కు అయింది. అక్కడి సెన్సరీ గైడులో ఒక్కో రైడ్‌కి స్పర్శ, రుచి, శబ్దం, వాసన, చూపు పరంగా ఒకటి నుంచి పది దాకా మార్కులుంటాయి. మీరు వెళ్లే పార్కుకి ఇలాంటి గైడు ఉంటే ముందురోజే చదవండి. లేకపోతే వీడియోలు చూసి మీరే ఒకటి రాసుకోండి. అయితే సర్టిఫికెట్ ఉన్నంత మాత్రాన జనం తగ్గరు, చప్పుడూ తగ్గదు.

అపోహ: "ఐదేళ్లొచ్చాయి, ఇంకా స్ట్రోలరేంటి? బద్ధకం అలవాటవుతుంది."

వాస్తవం: అవదు. పార్కులో నడక కిలోమీటర్లలో ఉంటుంది. పైగా స్ట్రోలర్ హుడ్ దించితే అదొక చిన్న గది, వెలుతురు తగ్గుతుంది, జనం కనబడరు. కొన్ని పార్కులు దాన్ని వీల్‌చెయిర్‌లా క్యూలోకి తీసుకెళ్లేందుకు ట్యాగ్ ఇస్తాయి, అడగండి.

అపోహ: "ఆ ఏడుపు, గోల అంతా మొండితనం. గారాబం ఎక్కువైంది."

వాస్తవం: మొండికేసిన పిల్లాడు మధ్యమధ్యలో మిమ్మల్ని చూస్తాడు, అడిగింది ఇస్తే ఆగుతాడు. మెల్ట్‌డౌన్‌లో, అంటే తట్టుకోలేక అదుపు తప్పిపోయిన స్థితిలో, ఉన్న పిల్లాడు ఏం ఇచ్చినా ఆగడు, తన దెబ్బ తనకి తెలియదు. మొదటిదానికి పెంపకంలో జవాబు ఉండొచ్చు. రెండోదానికి చోటు మార్చడమే జవాబు.

చాలాసార్లు మెల్ట్‌డౌన్ ఉన్నట్టుండి రాదు. చెవులు మూసుకోవడం, చొక్కా కాలర్ నమలడం, మునివేళ్ల మీద నడవడం, వచ్చే రెండు మాటలూ ఆగిపోవడం, నవ్వు శ్రుతి పెరిగిపోవడం, ఇలా మీ పిల్లాడికి సొంత గుర్తులుంటాయి. ముఖ్యంగా ఆ నవ్వును చాలామంది సరదా అనుకుని పొరబడతారు. గుర్తు కనబడగానే బయటికి నడవండి. అప్పటికే మొదలైపోతే ఒక్కరే దగ్గరుండండి, మాటలు తగ్గించండి, ప్రశ్నలు అడగకండి. గట్టిగా హత్తుకుంటే కొందరు శాంతిస్తారు, కొందరు ఇంకా రేగుతారు. మీ పిల్లాడు ఏ రకమో మీకే తెలుస్తుంది. చూస్తున్నవాళ్లకి "కాసేపట్లో సర్దుకుంటాడండీ, కొంచెం చోటివ్వండి" అంటే చాలు, సంజాయిషీ ఇచ్చుకోనక్కర్లేదు.

చాలామంది ఊహించని చోటు ఒకటుంది, బాత్రూమ్. చేతులారబెట్టే మెషీన్లు కొన్ని 100 డెసిబెల్స్ దాటి మోగుతాయి, చిన్నపిల్లల చెవి సరిగ్గా ఆ ఎత్తులోనే ఉంటుంది. ఫ్యామిలీ రెస్ట్‌రూమ్ ఎక్కడుందో రాగానే మ్యాప్‌లో గుర్తుపెట్టుకోండి, తువ్వాలు మీదే తెచ్చుకోండి. చెవులకి పెట్టే ఇయర్ మఫ్స్‌ను ఇంట్లోనే ముందుగా అలవాటు చేయండి. కొత్తగా పార్కులో పెడితే అవే ఇంకో చికాకు అవుతాయి.

అపోహ: "ఇంతమంది పెద్దవాళ్లం ఉన్నాం, ఎక్కడికి పోతాడు?"

వాస్తవం: అందరూ చూస్తున్నారనుకున్నప్పుడే ఎవరూ చూడరు. పీడియాట్రిక్స్ పత్రికలో 2012లో వచ్చిన ఒక అమెరికా అధ్యయనంలో, ఆటిజం ఉన్న పిల్లల్లో దాదాపు సగం మంది నాలుగేళ్లు దాటాక ఒక్కసారైనా పెద్దల కన్నుగప్పి వెళ్లిపోవడానికి ప్రయత్నించారని తల్లిదండ్రులే చెప్పారు. అలాంటి పిల్లల్లో చాలామందిని నీళ్లు లాగుతాయి. పార్కు నిండా ఫౌంటెన్లు, చెరువులు, పడవల కాలువలు.

అందుకే బాధ్యత చేతులు మారేటప్పుడు పైకి అనండి. "ఇప్పుడు వాడు నీ దగ్గర." "ఆ, నా దగ్గరే." గేటు దగ్గర ఆ రోజు బట్టల్లో, చెప్పులతో సహా ఒక ఫొటో తీయండి. ఫోన్ నంబరు చేతి బ్యాండ్ మీదో, అది పీకేసే పిల్లలైతే చొక్కా లోపలో రాయండి. కనబడకపోతే ముందు నీళ్లున్న చోటికి పరుగెత్తండి, ఇంకొకరు సిబ్బందికి చెప్పాలి. పేరు పెట్టి పిలిస్తే పలకడనీ, దేనికి ఆకర్షితుడవుతాడో కూడా చెప్పండి.

అపోహ: "టికెట్ కొన్నాం కాబట్టి సాయంత్రం దాకా ఉండాల్సిందే."

వాస్తవం: తెరవగానే వెళ్లండి, రెండు మూడు చూసి, పిల్లాడు ఇంకా హుషారుగా ఉండగానే బయల్దేరండి. అన్నయ్యో అక్కో ఉంటే వాళ్లకి మనసు కష్టం కదా అని అడుగుతారు. అందుకే ఇద్దరు పెద్దవాళ్లుంటే విడిపోండి. ఒకరు చిన్నవాడితో, ఒకరు పెద్దపిల్లతో. చాలా పార్కుల్లో రైడర్ స్విచ్ అనే ఏర్పాటుంది, ఒకరు ఎక్కి వచ్చాక రెండోవాళ్లు మళ్లీ మొదట్నుంచీ క్యూ కట్టకుండా ఎక్కొచ్చు. పెద్దపిల్లకి ముందే మాట ఇవ్వండి, ఆ మాట నిలబెట్టుకోండి.

అపోహ: "ఈసారి కుదరలేదు, ఇక వీడితో కుదరదు."

వాస్తవం: గేటు దాటకుండానే వెనక్కి వచ్చిన కుటుంబాలు తర్వాత హాయిగా వెళ్లిరావడం నేను చూశాను. ఆ రాత్రే, మరిచిపోకముందే రాసిపెట్టండి. ఎన్ని గంటలకి, ఎక్కడ, దానికి ముందు ఏం జరిగింది, ఎంతసేపటికి తేరుకున్నాడు, ఏది నచ్చింది. మర్నాడు థెరపీ వద్దు, చుట్టాలూ వద్దు, నిద్రపోనివ్వండి. తర్వాతి సెషన్‌కి ఆ కాగితం పట్టుకురండి. చప్పుడు వల్లనా, ఎండ వల్లనా, ఆకలి వల్లనా, క్యూ వల్లనా అన్నది కూర్చుని చూద్దాం, ఈసారి వాటిలో ఏ ఒక్కటి మార్చాలో అప్పుడు తేలుతుంది.